నీలం ఎక్కని ప్రతి

మార్గళి ముసురు. మన్నడి సందులో
ప్రెస్సు గుమ్మం దాకా నీళ్ళు.
చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికొచ్చాను.
ఏకాదశి ఆరు రోజుల్లో ఉంది,
వైకుంఠపాళి రెండువేల ప్రతులు ఇంకా బాకీ.

నా పని తప్పులు పట్టడం.
పంచాంగాలు, పెళ్ళిపత్రికలు, మందుసీసాల మీది హెచ్చరికలు,
ఎవరి తప్పయినా ముందు నా కళ్ళల్లో పడాలి.
ఒకసారి నిఘంటువు ప్రూఫులో
వైకుంఠం ‘వైకుంటం’ అయింది.
దిద్దుతూ అర్థం చదివాను:
కుంఠమంటే అడ్డు, మొద్దుబారడం.
అది లేని చోటు.
ఆ పేజీకి రూపాయిన్నర ఇచ్చారు.

పాళికి నాలుగు రంగులు, నాలుగుసార్లు మిషనెక్కాలి కాగితం.
పసుపు, నిచ్చెనలకీ నగలకీ.
ఎరుపు, పాముల నాలుకలకి.
నలుపుతో గీతలు, అంకెలు, పేర్లు.
నీలం ఆఖరున. ఇంకెక్కడా ఇలా వెయ్యరు,
దేవుడు చివర్నే రావాలంటాడు మిషన్ దేశింగు.

ఆ పూట కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది.
ఆ గందరగోళంలో మూడొందల ప్రతులు
నీలం తగలకుండానే కట్టలోకి పోయాయి.

ఒకటి లాగి చూశాను.
కోతి ఉంది, పంది ఉంది.
భక్తి నిచ్చెన చెక్కుచెదరలేదు.
అరుకాసురుడు నోరు తెరుచుకుని సిద్ధంగా ఉన్నాడు.
పైన మాత్రం
పాలసముద్రం కాగితం, ఆకాశం కాగితం,
శేషుడి మీద పడుకున్నాయన
నల్లటి గీత లోపల ఖాళీ.
మకుటం పసుపు, పెదవి ఎరుపు,
ఒళ్ళు మిల్లు నుంచి ఎలా వచ్చిందో అలా.

“పొట్లాలకి పోనీ” అన్నారు ఏకాంబరంగారు.
దేశింగు మాట్లాడలేదు, కిరసనాయిలు గుడ్డతో
చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.
దేవుడికి అందని నీలమంతా
అతని గోళ్ళలో ఉంది.

ఒక ప్రతి మడిచి సంచిలో పెట్టుకున్నాను.

వైకుంఠానికి ఇవతల విరజ అని ఒక నది ఉందట,
మునిగితే దుమ్మూ కోరికా రెండూ పోతాయట.
నా బస్సు దాటేది కూవం.
అందరం ముక్కు మూసుకున్నాం,
కండక్టరు చిల్లర లెక్కపెట్టుకుంటున్నాడు.

పెరంబూరు రైల్వే క్వార్టర్సు వరండాలో
జాగారం రాత్రి మా సౌందరత్త గవ్వలు వేయించేది.
“గెలిచాక ఏం చేస్తారత్తా?”
“ఏముందే, కూర్చుని మిగతావాళ్ళ ఆట చూడ్డమే.”
శిక్షలా ఉందే అనుకున్నాను.
తను గెలిచిన రోజు ఊరికే కూర్చుందా!
పైనుంచి అందరి ఆటలోనూ వేలు పెట్టింది.
“ఆ గడి వద్దు, అటు పాము, అటు పాము.”

ఏకాదశి రాత్రి కాగితం నేలమీద పరిచాను,
నాలుగు మూలలా నాలుగు గిన్నెలు.
అత్త పోయి తొమ్మిదేళ్ళు.
కుడిచేత్తో నాకు, ఎడమచేత్తో ఆమెకు
గవ్వలు నేనే వేశాను.

ఆడుతుంటే కనిపించింది:
కింద మనల్ని మింగేదీ పామే,
పైన పరుపై పరుచుకున్నదీ పామే.
బొమ్మ వేసినవాడు రెంటికీ
ఒకే కలంతో ఒకే పొలుసులు దిద్దాడు,
లెక్కపెడితే అరుకాసురుడికే రెండు వరసలు ఎక్కువ.

మూడో జాములో ఎడమచేతికి ఆరు పడింది.
అత్త చింతగింజ చివరి గడిలోకి,
ఆ తెల్లటి ఒంటి మీదికి వెళ్ళి కూర్చుంది,
నల్లగా, నున్నగా, కాస్త పక్కకి ఒరిగి.

అలవాటు కొద్దీ చెవి మీది పెన్సిలు తీశాను
తప్పు దగ్గర గుర్తు పెడదామని.
ఎక్కడ పెట్టాలో తెలియలేదు.
నా గింజ ఇంకా పంది గడి దాటలేదు.
వీధి చివర పాలబండి గంట.
అత్త చూస్తోంది.

ఇప్పుడు నా వంతు.